వీరుడును విదూషకుడును: పాతనగరపు ప్రేక్షకుని ముచ్చట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు టెలివిజన్ ముచ్చట యేల యని పెద్దలకు తోచవచ్చును. బాలుని చేతిలోని పుస్తకమును లాగికొనినది ఆ పెట్టెయే కదా యని నిష్ఠురమాడువారును గలరు. ఆ నిష్ఠురములో సత్యము లేకపోలేదు. అయినను హైదరాబాదు పాతనగరమున, చార్మినారు నీడలో నివసించు ఒక ప్రేక్షకుడు ఆ పెట్టె ముందు కూర్చుండి దేనిని చూచి కడుపుబ్బ నవ్వుచున్నాడో, దేనిని చూచి ఊపిరి బిగబట్టుచున్నాడో విచారించినచో, అతడు చూచునది మన ఊరి తోలుబొమ్మలాట తెరకు మిక్కిలి దూరమైనది కాదని తేలును. అతని యిష్టములు రెండు. ఒకటి హాస్యము. రెండవది ఆకాశమున నెగురు మహావీరుని కథ. ఈ రెండింటికిని పొత్తు ఎట్లు కుదిరినది, ఆ పొత్తులో అతనికి దక్కినదేమి, దక్కనిదేమి అనునదే నేటి విషయము.

తోలుబొమ్మలాట నెరిగిన పెద్దలకు దాని వైభవమును వర్ణించి చెప్పనక్కరలేదు. తెల్లని వస్త్రము తెరగా కట్టి, వెనుక దీపము నిలిపి, రాత్రి యంతయు ఆడెడి ఆట యది. నేడు అనంతపురము వైపున నిమ్మలకుంట మొదలగు కొలది గ్రామములలో ఆ విద్య నిలిచియున్నది. సుందరకాండము ఆడునాడు హనుమంతుని రంగుల బొమ్మ తెర యీ కొననుండి ఆ కొనకు ఒక్క లంఘనమున దాటును. జనము చేతులు జోడింతురు. ఆ చేతులు దిగకమునుపే జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరపైకి వచ్చి తగవులాడ మొదలిడుదురు. వారి నడుమ కేతిగాడు జొరబడును. వాల్మీకి మహర్షి వీరి నెరుగడు. అయినను వీరు లేని ఆటకు జనము కూర్చుండరు. వీరుని కథ యెంత గొప్పదైనను నడుమ నొకడు జారిపడవలెను. ఒకతె వానిని తిట్టి తరుమవలెను. బుర్రకథలోను ఇదే ఏర్పాటు. నడుమ కథకుడు వీరగాథ చెప్పుచుండగా ఇరుప్రక్కల నిద్దరు వంతలు నిలుతురు. వారిలో నొకని పని హాస్యమే.

ఇందొక సూక్ష్మము గలదు. రాముడు పద్యమున పలుకును; కేతిగాడు ఊరి మాట పలుకును. వీరుని భాష గ్రంథములది, విదూషకుని భాష జనులది. సంస్కృత నాటకములలోను రాజు సంస్కృతమునను, విదూషకుడు ప్రాకృతమునను మాటలాడుట పండితు లెరిగినదే. ఇది తరతరములుగా సాగివచ్చిన కట్టడి. దీని మాట మరల రాగలదు. అంతవరకు జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

పాతనగరమునకు పోవుదము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నిలిపిన చార్మినారు చుట్టును, మూసీ నదికి దక్షిణమున నల్లుకొనిన వీథులివి. ఇచటి ఉర్దూ మాటలాడు ఇండ్లకు వారసత్వముగా వచ్చిన కథలలో అమీర్ హంజా దాస్తాను ఒకటి. హంజా మహావీరుడు, కాఫ్ పర్వతమునకు పోయి రాక్షసులతో పోరాడువాడు. పదునెనిమిది దినములలో తిరిగివత్తునని బయలుదేరి పదునెనిమిది సంవత్సరములు అచటనే చిక్కుకొనిన మహానుభావుడు. ఆయన చెంత అమర్ అయ్యార్ అను చెలికాడొకడు గలడు. ఈ అయ్యారు పిసినారి, మాయలమారి, వేషగాడు. అయినను స్నేహితుని విడువని వాడు. వాని యొద్ద జంబీల్ అను సంచి యుండును. అందులో నేమి వేసినను నిండదు. కావలసినది చేయి పెట్టినచో దొరకును. లక్నో నగరమున నవల్ కిశోర్ ముద్రణాలయమువారు ఈ దాస్తానును పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి 46 సంపుటములుగా ప్రకటించిరి. ఏ గ్రంథాలయమైనను ఆ వరుసనంతయు కొనవలెనన్న ఒక బీరువా దానికే ఈయవలసివచ్చును! హంజా లేక అయ్యారు లేడు, అయ్యారు లేక హంజాకు దారి తోచదు. హనుమంతుడును కేతిగాడును ఒకే తెరపై నిలిచినట్లే ఇదియు.

కావున పాతనగరపు పిల్లవాడు హాస్యమును వీరమును కలిపి కోరుట, విదేశపు కార్యక్రమములు చూచి నేర్చిన క్రొత్త వ్యసనమని తలపరాదు. ఆకలి పాతది. వడ్డించిన పళ్లెము మాత్రమే క్రొత్తది.

ఆ పళ్లెము వచ్చిన విధము వినదగినది. టెలివిజన్ అనగానే నగరము, పిదప పల్లె అని తలచుట వాడుక. తెలుగునాట జరిగినది వేరు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరముపాటు అమెరికా ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. వ్యవసాయము, ఆరోగ్యము, బాలల చదువు అందలి ముఖ్య విషయములు. హైదరాబాదు నగరమున దూరదర్శన్ కేంద్రము వెలసినది 1977లో. అనగా చార్మినారు వీథులకు చేరకమునుపే టెలివిజన్ మన పల్లెరచ్చబండను చూచినది. మన గ్రామీణులు నగరవాసుల యెదుట ఒకింత మీసము దువ్వుకొనదగిన సంగతి యిది.

తరువాత సంగతులు వేగముగ జరిగినవి. 1987 జనవరి 25వ తేదీన దూరదర్శన్‌లో రామాయణము మొదలైనది, 1988లో మహాభారతము. అందు భీష్మ పాత్రధారి ముకేశ్ ఖన్నా. ఆ భీష్ముడే 1997 సెప్టెంబరు 13వ తేదీనుండి ఎఱ్ఱని దుస్తులు ధరించి, రొమ్ముపై బంగారు చక్రము దాల్చి, సుడిగాలివలె తిరుగుచు ఆకాశమునకు లేచెను. ఆ ధారావాహికము పేరు శక్తిమాన్. 2005 మార్చి వరకు నడచినది. ఆదివారపు పగటిపూట అది ప్రసారమగు వేళ బాలుని బజారుకు పంపగల తల్లి యుండియుండదు.

శక్తిమాన్ కథలో కొంత క్రొత్త గలదు, పెక్కు పాత గలదు. విదేశపు మహావీరులు వేరొక గ్రహమునుండి దిగివచ్చియో, ప్రయోగశాలలో ప్రమాదమునకు లోనైయో బలము పొందుదురు. ఇతడు యోగాభ్యాసముచే కుండలినిని మేల్కొల్పి బలము పొందెను. శత్రువు తమ్రాజ్ కిల్విష్, అంధకారమునకు అధిపతి. కాని పిల్లలను పట్టియుంచినది కిల్విష్ కాదు, గంగాధరుడు. శక్తిమాన్ లోకముకంట బడకుండుటకై ధరించిన మారువేషమే గంగాధరుడు. వార్తాపత్రికలో ఛాయాగ్రాహకుడు. ముందుకు పొడుచుకొనివచ్చిన పండ్లు, మందపు అద్దముల కండ్లజోడు, నూనె కారు తల. అడుగుపెట్టినచో ఏదో యొకటి క్రింద పడవలసినదే. పేరడిగినచో గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకారనాథ్ శాస్త్రి యని ఒక్క గుక్కలో చెప్పును. తోలుబొమ్మలాటలో రెండు బొమ్మలు చేసిన పనిని ఇచట ఒక్క దేహము చేసినది. హనుమంతుడే కేతిగాడు!

ఇంకొక వింత. గంగాధరుడు సంస్కృత పదభూయిష్ఠమైన హిందీ మాటలాడును. అది హిందీవారికే నవ్వు పుట్టించునది. నక్కో, హౌ, కైకు అనుచు దినము గడుపు దక్కనీ ఇంటి పిల్లలకు ఆ భాష యెంత వింతగ తోచవలెను! నక్కో యనగా వద్దు, మరాఠీనుండి వచ్చినది. హౌ యనగా అవును. కైకు యనగా ఎందుకు. ఇచట కట్టడి తలక్రిందులైనది. గ్రంథభాష విదూషకుని పాలబడినది.

ఈ మారువేషపు ఉపాయము శక్తిమాన్ సృష్టికర్తలది కాదు. 1938లో అమెరికా దేశమున జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు సూపర్‌మాన్ అను వీరుని బొమ్మల కథగా ప్రకటించిరి. ఇద్దరును వలసవచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. వారి వీరుడును పగలు కండ్లజోడు పెట్టుకొని, బెదురు చూపులతో పత్రికలో కొలువు చేయును. బలహీనునిగ కనబడువాడు లోలోపల మహాబలుడు. ఈ కల్పన ఇద్దరు పేద కుఱ్ఱవాండ్రకు తోచుట ఆశ్చర్యము కాదు. లోకమున పేద కుఱ్ఱవాండ్రందరికిని నచ్చుటయు ఆశ్చర్యము కాదు. తెలుగు తెరయు దీనిని విడువలేదు. 1980లో నందమూరి తారకరామారావు సూపర్‌మాన్ అను పేరిటనే ఒక చిత్రమున నటించిరి. అందు వీరునికి బలమిచ్చినవాడు ఆంజనేయుడు. 2024లో వచ్చిన హను-మాన్ చిత్రమున అంజనాద్రి యను పల్లెటూరిలో చిల్లర దొంగతనములు చేసికొను కుఱ్ఱవానికే ఆ బలము సంక్రమించును. దొంగతనము చేసి పారిపోవునపుడు నవ్వింతురు. కొండనెత్తునపుడు చేతులు జోడింపజేయుదురు. బొమ్మలాట వారి పాఠము ఎవరును మరచినట్లు లేదు.

అయితే ఈ ముచ్చటలో ముల్లు లేకపోలేదు. శక్తిమాన్ వచ్చి కాపాడునని నమ్మి పిల్లలు తమకు తామే అపాయము కొనితెచ్చుకొనిరని ఆ రోజులలో పత్రికలు వ్రాసినవి. ఆందోళన పెరిగినది. తన వలె చేయవలదని శక్తిమానే తెరపైనుండి పిల్లలకు హితవు చెప్పవలసివచ్చినది. తల్లిదండ్రులు పెట్టెను దూషించిరి. పెట్టెవారు తల్లిదండ్రుల అశ్రద్ధను చూపిరి. ఎవరి వాదమెట్లున్నను ఒకటి గమనింపవలెను. వీరుడు మేడపైనుండి దూకినను దెబ్బ తగులదు. విదూషకుడు అరుగుమీదినుండి జారినను నడుము పట్టుకొని మూల్గును. దేహమునకు నొప్పి గలదని బాలునకు చెప్పువాడు విదూషకుడే. వీరుని ఒక్కనినే చూపి, కేతిగానిని దాచిన ఆట పిల్లలకు మంచిది కాదు. నవ్వు వట్టి వినోదమను వారు ఈ సంగతి ఆలోచింపవలెను.

ఇక నవ్వు విషయము. ఇందు పాతనగరము ఎవరి యెదుటను చేయి చాచవలసిన పని లేదు. 1962లో జిందా దిలానె హైదరాబాద్ అను హాస్యప్రియుల సంస్థ వెలసినది. ఉర్దూలో హాస్యమునకే యంకితమైన షుగూఫా మాసపత్రిక 1968లో మొదలైనది. సియాసత్ దినపత్రికలో హాస్య శీర్షిక వ్రాసి పేరొందిన ముజ్తబా హుస్సేన్ 2007లో పద్మశ్రీ పొందిరి. 2020లో కాలధర్మము చెందిరి. దక్కనీ మాటలోనే హాస్య కవిత్వము చెప్పిన సులేమాన్ ఖతీబ్ కవి సమ్మేళనములలో జనులను నవ్వులలో ముంచిరి. 1965లో బబ్బన్ ఖాన్ అదరక్ కే పంజే యను నాటకమును ప్రదర్శింప మొదలిడి, దేశవిదేశములలో పదివేలకు మించిన ప్రదర్శనలిచ్చిరి. చాలని జీతము, చాలినంతకు మించిన సంతానము గల చిన్న గుమాస్తా యిల్లే అందలి రంగస్థలము. అప్పులవాడు వచ్చును, పిల్లవాడు ఏడ్చును, జనము నవ్వును. ఏ యింటి కష్టమును ఆ యింటివారే టిక్కెట్టు కొని చూచి నవ్విన నాటకమది.

తెలుగు మాటలాడు ఇండ్లును పాతనగరమున కొదువ లేవు. లాల్ దర్వాజా బోనాల నెరుగనివారుండరు. వారి యిండ్లలో 2001 నవంబరునుండి ఆదివారపు సాయంకాలములు అమృతం ధారావాహికము నవ్వుల విందు చేసినది. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు ధనవంతులగుటకు పన్నని ఉపాయము లేదు; బోల్తా పడని ఉపాయమును లేదు. ఆంజనేయులుగ నటించిన గుండు హనుమంతరావు 2018లో మరణించినపుడు, అన్నయో తమ్ముడో పోయినట్లు బాధపడిన ఇండ్లు పెక్కు. వీరుడే లేని కథ యది. ఇద్దరును కేతిగాండ్రే!

కాని సినిమా తెర దక్కనీ మాటను గౌరవముగ చూచినదా యన్న ప్రశ్నకు సమాధానము సంతోషకరము కాదు. 1965లో వచ్చిన గుమ్‌నామ్ అను హిందీ చిత్రమున మెహమూద్ హైదరాబాదు యాసలో మాటలాడు వంటవాని పాత్ర ధరించెను. ఆయన ప్రతిభ గొప్పది, జనము ఆయనను తలపై పెట్టుకొనినది. అయినను ఆ నాటినుండి హిందీ చిత్రములలో ఆ యాస వంటింటనో, ద్వారము కడనో నిలిచిపోయినది. యజమాని ఆ మాట మాటలాడడు. నాయకుడు అసలే మాటలాడడు. కులీ కుతుబ్ షా కవిత్వము చెప్పిన భాష, 1635లో వజహీ సబ్‌రస్ అను గద్యకావ్యమును వ్రాసిన భాష, బొంబాయి తెరపై నవ్వులకు మాత్రమే మిగిలినది. తెలంగాణపు తెలుగునకు తెలుగు తెరపై పట్టిన గతియు ఇదే. పెక్కేండ్లు అది ప్రతినాయకుని అనుచరులకును, హాస్యగాండ్రకును కట్టిపెట్టిన మాటయై యుండెను. వీరుడు పద్యము పలుకును, కేతిగాడు ఊరి మాట పలుకును అని మొదట చెప్పుకొనిన కట్టడి యిదే.

2005–06 ప్రాంతమున ది అంగ్రేజ్ అను చిత్రము వచ్చినది. కుంట నిఖిల్ దర్శకుడు. విదేశమునుండి హైదరాబాదునకు వచ్చిన ఇద్దరు యువకులకును, చార్మినారు చెంత పగలెల్ల కబుర్లతో గడుపు ఇస్మాయిల్ భాయి ముఠాకును తగవు పుట్టును. కథ యింతకు మించి చెప్పిన ప్రయోజనము లేదు, ఆ చిత్రమున కథకై కూర్చుండినవారు తక్కువ. ఇస్మాయిల్ భాయిగ ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, జహంగీరుగ అజీజ్ నాసర్, సలీం ఫేకూగ మస్త్ అలీ నటించిరి. ఫేకూ యనగా గొప్పలు కోయువాడు. వాని గొప్పలు అమీర్ హంజాను మించును. ప్రతీకారమునకై ముఠాయంతయు ఆర్భాటముగ బయలుదేరుటయు, పని మాత్రము వెనుకబడుటయు చూచి జనము నవ్వలేక అలసిపోయిరి.

ఈ నవ్వునకును మెహమూద్ కాలపు నవ్వునకును భేద మెక్కడ? ఇచట యజమాని లేడు. వంటవాని యాసను విని నవ్వు బంగళాదొర లేడు. నవ్వించువాడును, నవ్వబడువాడును, నవ్వువాడును ఒకే వీథివారు. పైగా విదేశమునుండి వచ్చినవారి మాటయే ఇచట వింత మాట. చిత్రము థియేటర్లలోను, పిమ్మట సీడీలలోను ఇంటింటికిని చేరినది. అందలి మాటలు నగరపు నిత్యభాషలో కలిసినవి. ఆ వెనువెంటనే హైదరాబాద్ నవాబ్స్ మొదలగు చిత్రములు వరుసగ వచ్చినవి. అన్నియు అంత రుచించినవని చెప్పరాదు. ఒక కొళాయి నీరు తీయగ నున్నదని వీథియంతయు కొళాయిలు త్రవ్విన చందమైనది.

ఇందును ఒక కొరత మిగిలినది. ఇస్మాయిల్ భాయిని చూచి నవ్విన పాతనగరవాసికి, అతడు తన పేటలోని ఒక విధపు మనుష్యుడు మాత్రమే యని తెలియును. మూసీకి ఆవల నున్నవానికి తెలియదు. అతడు పాతనగరమనగా తేనీటి కొట్టు, తగవు, గొప్పలు అని తీర్మానించుకొనును. లక్క గాజుల పనివారు, హకీములు, పండితులు, తెల్లవారక మునుపే పనికి పోవు స్త్రీలు అతని కంట పడరు. స్వంత ఇంటి హాస్యము పొరుగింటికి పోవునప్పటికి నింద యగును. దీనికి నవ్వు నాపుట మందు కాదు. అదే మాట మాటలాడు వీరుడు కూడ తెరపై నిలువవలెను. తెలుగున ఆ మార్పు కొంత వచ్చినది. 2017లో ఫిదా చిత్రమున బాన్సువాడ పిల్ల భానుమతి తెలంగాణపు మాటను తల యెత్తి మాటలాడినది. నాయిక యామె, పరిహాసపాత్ర కాదు. 2023లో బలగం చిత్రమున ఒక పల్లె యింటి చావును, అందలి అలకలను, నవ్వులను ఆ మాటలోనే చెప్పిరి. దక్కనీ మాటకు అంతటి అదృష్టము తెరపై అరుదు.

అట్టి ఆశగల ప్రేక్షకురాలొకతె పాతనగరమున నున్నదనుకొందము. తండ్రి శక్తిమాన్ చూచిన తరమువాడు. ఆమె సెల్‌ఫోనులో విదేశపు మహావీరుల ధారావాహికలు చూచు తరముది. ఆమెకు 2022 జూన్ నెలలో మిస్ మార్వెల్ అను ఆరు భాగముల ధారావాహికము కనబడినది. నాయిక కమలా ఖాన్, పదునారేండ్ల బాలిక, అమెరికాలోని జెర్సీ సిటీ వాస్తవ్యురాలు. తల్లిదండ్రులు పాకిస్తాన్‌నుండి వలసవచ్చినవారు. పాత్రధారిణి ఇమాన్ వెల్లానీ. ఈ కమల స్వయముగ మహావీరుల కథలపై పిచ్చి గల పిల్ల. గోడల నిండ వారి బొమ్మలే. తరగతిలో పగటికలలు. అనగా తెరముందరి ప్రేక్షకురాలే తెరపైకి నడచిపోయినది!

మొదటి భాగమున నొక సన్నివేశము గలదు. మహావీరుల అభిమానుల ఉత్సవమునకు, తనకు నచ్చిన వీరాంగన వేషమున పోవలెనని కమల కోరిక. తల్లి అంగీకరింపదు. చివరకు తల్లిదండ్రులు ఒక ఉపాయము కనిపెట్టుదురు. తండ్రి ఒడలికి పచ్చరంగు పులుముకొని, ఆకుపచ్చని సల్వారు కమీజు ధరించి, హల్క్ అను మహాబలుని వేషమున నిలుచును. కూతునకును అట్టిదే చిన్న జత తల్లి కుట్టి యుంచును. తండ్రియు కూతురును కలిసి ఉత్సవమునకు పోవలెనట! కూతురు సిగ్గుతో చితికిపోయి కాదనును. పచ్చరంగుతో నిలుచున్న ఆ తండ్రి ముఖము చూడవలెను. నవ్వు ఆగదు, నవ్వుచుండగనే మనసు చివుక్కుమనును. కేతిగాని వేషములో ప్రేమ నిలిచియున్నది.

కమలకు బలము వచ్చినది గ్రహాంతరమునుండి కాదు. కరాచీలోని అమ్మమ్మ పాత సామానుల పెట్టెతో పంపిన ఒక గాజునుండి. అది ముత్తవ్వ గాజు. చేతికి తొడిగినంతనే శక్తి మేల్కొనును. ఆ గాజు చరిత్రను వెదకికొనుచు కథ 1947 దేశవిభజన నాటి రైలుస్టేషనునకు పోవును; చీకటిలో తప్పిపోయిన బిడ్డ తండ్రిని చేరినదెట్లో చెప్పును. హైదరాబాదు పాతనగరమున లాడ్ బజారు చార్మినారు చెంతనే గలదు. తరతరములుగా లక్క గాజులు చేయు వీథి యది. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వీథి ప్రక్కన పెరిగిన పిల్లకు, మహాశక్తి గాజులో నుండునని చెప్పు కథ పరాయిదిగ తోచునా? అందలి అమ్మీ, అబ్బూ, నానీ యను పిలుపులు ఆమె యింటివి. మసీదు, పండుగ, పెండ్లి సందడి ఆమె యెరిగినవి. పెండ్లికి పిలువని వారును వచ్చి భోజనము చేసిపోవుదురను భయము కూడ ఆమె యింట నున్నదే కావచ్చును.

అయినను ఆ కథ పూర్తిగ ఆమెది కాదు. కరాచీ ఉర్దూ వేరు, చార్మినారు దక్కనీ వేరు. కమల నక్కో యనదు. ఆమె హైదరాబాదు కమల కాదు. రచయిత్రులు తమ బాల్యమును తలచుకొని కథ కట్టిరి. తమ యింటి మాటను తమ వీరాంగనకు ఇచ్చిరి. లాడ్ బజారు పిల్లకు ఆమె మాటలో వీరగాథ కట్టవలసినవారు ఇచటివారే. నలువది యారు సంపుటముల దాస్తానును విని పెరిగిన నగరమునకు కథలు లేకపోవునా? నవ్వించుటలో ఇంత నేర్పు చూపినవారికి, ఆ నేర్పుతో ఒక వీరుని నిలుపుట చేతకాదా?

ధారావాహికపు చివరి భాగమున తల్లియే కూతునకు వీరవేషమును తన చేతులతో సిద్ధపరచి యిచ్చును. మొదటి భాగమున పచ్చ కమీజు కుట్టిన తల్లియే ఆమె. ఈ మారు కూతురు సిగ్గుపడదు. తరువాత తండ్రి మేడపై కూర్చుండి, తన బిడ్డకు కమల యను పేరు పెట్టుటకు కారణము చెప్పును. అరబ్బీలో కమాల్ అనగా పరిపూర్ణత. ఉర్దూలో ఆ మాటకు వింత, అద్భుతము అను అర్థము గలదు. మార్వెల్ అను ఆంగ్ల పదమునకును అర్థమదే. పిల్ల నివ్వెరపోవును. తాను గోడకంటించుకొనిన వీరాంగన పేరు పుట్టుకతోనే తన పేరులో నున్నది. పాతనగరమున ఆ మాట పుస్తకపు మాట కాదు. గాజుల కొట్టులో సరియైన కొలత చేతికి జారినపుడు, పతంగి తెగినపుడు, సలీం ఫేకూ క్రొత్త గొప్ప యొకటి విసరినపుడు, నోటివెంట మొదట వచ్చు మాట కమాల్ అనియే.